రొట్టెల అంగడి ముందు పసిబిడ్డ

మొన్న శుక్రవారం సెలవు కదా అని అమ్మ సాల్మియా నుంచి ఫింటాస్‌లోని మా ఇంటికి వచ్చింది. భోజనం చేసి సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చోగానే ఆమె ఫోన్‌కి డెన్మార్క్ నుంచి వరసగా ఫొటోలు వచ్చి పడ్డాయి. పంపింది పాప. పాపంటే ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లే. కానీ ఒకప్పుడు ఇక్కడ కువైట్‌లో అమ్మ పనిచేసిన డెన్మార్క్ వాళ్ల ఇంట్లో అమ్మ చేతుల్లో పెరిగింది కాబట్టి మాకు ఎప్పటికీ పాపే. మా ఆయన ఆఫీసు పనిమీద ఆ దేశం వెళ్తూ నన్నూ తీసుకెళ్తున్నాడని అమ్మ ఆమెకు ముందే చెప్పేసింది. అందుకని పాప తను ఉండే సముద్రతీరంలో తనకు ఇష్టమైన చోట్లన్నీ ఫొటోలు తీసి, ఒక్కోదానికీ రెండు ముక్కలు రాసి పంపింది. రెండు సముద్రాలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకునే ఇసుక కొస, గోపురం తప్ప తక్కినదంతా ఇసుకలో కూరుకుపోయిన చర్చి, పసుపురంగు ఇళ్ల వీధి, పొగలో కాల్చిన చేపలమ్మే రేవు.

అమ్మ కూడా ఒక ఎండాకాలం ఆ ఇంటివాళ్లతో అక్కడికి వెళ్లి నెల రోజులు ఉండి వచ్చింది. ఆ కథలు నేను ఎన్నోసార్లు విన్నాను, ఫొటో మారినప్పుడల్లా మళ్లీ విన్నాను. "ఇసుక సూసేదానికి అంత దూరం పోవల్లనా? కువైట్లో ఇసుకకేమన్నా కరువా?" అంది చర్చిని చూసి. శనివారం ఒక్కపొద్దు కథ కూడా చెప్పింది. పొద్దు గూకాక దీపం పెట్టి అన్నం తినాలన్నది అమ్మ నియమం. ఆ దేశంలో వేసవిలో అందరూ పడుకునే వేళకి కూడా సూర్యుడు ఆకాశంలోనే ఉంటాడు. "వెంకటరమణస్వామీ, ఈ ఒక్క వారం కండ్లు మూసుకో నాయనా అని మొక్కి తినేసినా" అని చెప్పి, నాతోపాటు తనూ నవ్వింది.

ఆఖరి ఫొటో ఒక రొట్టెల అంగడి. ఇక్కడ దాల్చినచెక్క రొట్టె తినకుండా వెళ్లొద్దని పాప రాసింది. అంగడి బయట గోడవారగా రెండు పిల్లల బండ్లు, లోపల పసిపిల్లలు నిద్రపోతున్నారు, పక్కన ఒక్క మనిషీ లేడు. నేను ఉలిక్కిపడి ఇదేమిటమ్మా అని అడిగాను. నవ్వుతున్న అమ్మ ముఖం మారిపోయింది. ఫోన్ బోర్లా పెట్టి, "ఈ అంగడి ముందరే అమ్మీ, నన్ను పోలీసులకు పట్టియ్యబోయినారు" అంది.

ట్రాఫిక్ పోలీసు అటు తిరిగి ఉన్నా నమస్కారం పెట్టే మనిషి మా అమ్మ.

ఆ రోజు మామా, అంటే పాప వాళ్లమ్మ, అమ్మ ఆమెను అలాగే పిలిచేది, పాపను తీసుకుని రొట్టె కొనడానికి లోపలికి వెళ్లిందట. చెప్పులకు ఇసుక అంటిందని అమ్మ బయటే ఉండిపోయింది. సన్నగా తుంపర. ఒక బండిలోంచి పసిబిడ్డ కుయ్యిమన్నది. అమ్మ వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది, ఎవరూ లేరు. అలా బయట ఒంటరిగా ఉన్న బిడ్డంటే ఎవరో వదిలేసి పోయిన బిడ్డే, అమ్మకు తెలిసిన లోకంలో దానికి ఇంకో అర్థం లేదు. ఎత్తుకుని, శాలువలో చుట్టుకుని, పోలీసు స్టేషన్ ఎక్కడుందో వెతుకుతూ నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి కేక. అంగడిలోంచి తల్లి పరుగెత్తుకొచ్చింది. జనం చుట్టుముట్టారు, ఒకాయన చెయ్యి పట్టుకున్నాడు. ఎవరేమంటున్నారో ఒక్క ముక్క అర్థం కాదు.

"ఖలాస్, ఇంగ కువైట్లో ఉండే ఇఖామా తీసేసి ఇంటికి పంపిస్తారు, నా బతుకు పాయ అనుకున్న్యా. అయినా బిడ్డను ఇడిసిపెట్టల్యా" అంది అమ్మ.

మామా వచ్చి ఇద్దరికీ సర్దిచెప్పింది. చల్లగాలి మంచిదని అక్కడ పిల్లల్ని బయటే నిద్రపుచ్చుతారట, తల్లి లోపల అద్దంలోంచి చూస్తూనే ఉంటుందట. అప్పుడు గానీ అమ్మ బిడ్డను ఇవ్వలేదు. అందరూ వెళ్లిపోయాక, పట్టుకుపోతామన్నా ఎందుకు వదల్లేదని మామా అడిగింది. చంటిబిడ్డ ఉందంటే పని దొరకదు, లేదని చెప్పమని ఏజెంటు నేర్పిన అబద్ధం అంతకాలం మోసిన అమ్మ, అక్కడ, ఆ తుంపరలో, వచ్చీరాని ఇంగ్లీషులో అరబ్బీ కలిపి చెప్పేసింది. "నాకూ ఒక బిడ్డుండాది మామా. పాలు తాగేదాన్ని నిద్రలో ఇడిసిపెట్టి వచ్చినా." మామా ఆ అంగడి మెట్ల మీదే కూలబడిందట. కువైట్‌కి తిరిగి రాగానే అమ్మకు టికెట్ తీసి ఊరికి పంపింది.

సెలవు వచ్చింది కాబట్టే ఆ ఏడాది అమ్మ ఊరికి వచ్చిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. జీపు దిగి చేతులు చాచిన ఆమెను చూసి అవ్వ వెనక దాక్కుని, ఈమె ఎవరని అడిగింది నేనే. అంతకుముందు సెలవెందుకు అడగలేదంటే, ఇంటికొచ్చి నిన్ను చూస్తే మళ్లీ పోయేదానికి మనసొప్పదని భయం అంది. అయితే ఆ బిడ్డ ఏడవకపోతే నువ్వు వచ్చేదానివి కాదా అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏమో అమ్మీ. వచ్చేదాన్నేమో. నాకే తెలీదు" అంది అమ్మ.

ఆ తల్లి అంగడిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి బిడ్డ బుగ్గ మీద పడిన తుంపర ఇంకా ఆరలేదు. మా అమ్మ నా దగ్గరికి వచ్చేసరికి నాకు పాలపళ్లు వచ్చి, ఊడి, కొత్తవి మొలుస్తున్నాయి.