చావని రాజు, బుడ్డ రొట్టె

పోయిన చలికాలం డిగ్రీ చదివే మా మరిది పాత కంప్యూటరొకటి కొనుక్కొచ్చి ముందుగదిలో పెట్టాడు. దాంట్లో ఒక ఆట ఉండేది. ఒక జాతిని ఎంచుకుని, రాతి గొడ్డళ్ల కాలం నుంచి రైళ్ల కాలం దాకా ఏలుకుంటూ రావాలి. యుగాలు మారినా రాజు ఒక్కడే. బట్టలు మారేవి, మొహం అదే.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తమ్మకు అది అస్సలు నచ్చలేదు.

"ఎన్ని వేల ఏండ్లు బతుకుతడురా గీయన? కొడుకులు లేరా, కోడలు రాలేదా? కుర్సీ ఇడ్వడా?"

"ఆటనే గట్ల చేసిన్రు అవ్వా," అన్నాడు మరిది తల్లితో. "నేను చేస్తే యుగం మారంగనే రాజును మారుస్త. జనం మాత్రం గా జనమే."

"రాజు ఉంటే ఉండనీ తమ్మీ, జనం మారాలె," అన్నాను నేను. "రైలెక్కెటోళ్లు ఇంకా గుహలల్ల తిన్నదే తింటరా?"

అత్తమ్మ చిక్కుడుకాయ పుటుక్కున విరిచింది. "గీ మాట నా భాకర్ మీదికే వచ్చింది. నాకెరుక లేదా!"

నిజమే. మా పుట్టిల్లు కరీంనగర్, అన్నం తినే ఇల్లు. అత్తమ్మది బోథ్ వైపు. జొన్నరొట్టెను భాకర్ అంటుంది, అది లేనిదే పూట గడవదు. నా బిడ్డకింకా నాలుగేళ్లు నిండలేదు, పుల్లలా ఉంటుంది. ఆ గట్టి రొట్టె దాని కడుపులో అరుగుతుందా అని నాకు ఒకటే దిగులు. స్నానం చేయించేటప్పుడల్లా దాని మణికట్టు చుట్టూ వేళ్లు పెట్టి చూసేదాన్ని.

"పిల్ల మంచిగనే ఉన్నది. ఫికర్‌తోని నువ్వే ఎండుతున్నవ్," అనేది అత్తమ్మ.

ఇంతలో బోథ్‌లో ఆడబిడ్డకు కాన్పు దగ్గరపడింది. అత్తమ్మ బస్సెక్కింది. వంటింట్లోకి అడుగుపెట్టిన నన్ను చూసి మరిది పళ్లెం మోగించాడు. "వదినె పట్టాభిషేకం!"

నేను మొదట చేసిన పని జొన్నపిండి డబ్బా అటక మీద పెట్టడం. మెత్తటి అన్నం, ముద్దపప్పు, నెయ్యి కలిపి బిడ్డ ముందు పెట్టాను. మొదటి రోజు కొత్తకు తిన్నది. మర్నాటి నుంచి నోరు తెరవలేదు. కథలు చెప్పాను, పట్టాల దాకా ఎత్తుకెళ్లి గూడ్సు బండి చూపించాను, ఏడ్చాను కూడా. పెదవులు ఇంకా గట్టిగా బిగించింది.

"జనం తిరగబడ్డరు వదినె," అన్నాడు మరిది. "ఆటల గిట్లయితే ఊరు చెయ్యి జారిపోతది."

నవ్వు రాలేదు నాకు. మణికట్టు ఇంకా సన్నబడ్డట్టే అనిపించింది. "మరి ఏం తింటవే?" అని బతిమాలాను.

"బుడ్డ భాకర్."

అప్పుడు గుర్తొచ్చింది. అందరి రొట్టెలూ అయ్యాక అత్తమ్మ పళ్లేనికి అంటిన పిండంతా గీకి, అరచేతంత రొట్టె తట్టేది. పెనం మీద వేసే ముందు బిడ్డ దాని మీద వేళ్లు అద్దాలి. మంట దగ్గరికి పోతుందని నేను దాన్ని వెనక్కి గుంజడమే గానీ, తన వేళ్ల గుర్తులున్న రొట్టెనే అది తింటుందని ఏనాడూ గమనించలేదు.

డబ్బా దించాను. పిండిలో నీళ్లు పోసి కలిపి తట్టబోతే, రొట్టె నా చేతుల్లోనే ముక్కలైంది. ఇంకోటి తట్టాను. అదీ అంతే. బిడ్డ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"బాపమ్మ ఉడుకునీళ్లు పోస్తది."

అన్నం తినే ఇంటి నుంచి వచ్చిన కోడలికి అది తెలియదు మరి. నీళ్లు మరిగించాను. ఈసారి అంచులు పగిలినా రొట్టె నిలిచింది. బిడ్డ వేళ్లు అద్దింది. కాల్చి, నా ముద్దపప్పూ నెయ్యీ పైన పూసి ఇచ్చాను. మొత్తం తిని, ఇంకోటి అడిగింది.

అత్తమ్మ తిరిగొచ్చి, గడపలోనే సంచి దించింది. "రాజ్యం ఎట్లున్నది పిల్లా?"

నేను నోరు తెరవకముందే బిడ్డ ఉరికింది. "అమ్మ భాకర్ పగులుతది బాపమ్మా. పప్పు పెడితే మంచిగుంటది!"

అత్తమ్మ దాని బుగ్గలు పట్టి చూసింది, తర్వాత నన్ను చూసింది.

"పగిలితే పగిలింది. కడుపులకు పోయిందా లేదా?" అని మంచం మీద వాలింది. "బస్సుల నడుం పోయింది. జర రెండ్రోజులు నువ్వే ఏలు. నాక్కూడా పప్పు పెట్టి ఒకటి తే."