ముగ్గురికీ ఒకటే పాస్‌వర్డ్

ధర్మవరం అక్క నాలుగు నెలల పనిని చెరిపేసింది నేనే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు కింద ‘కరెంటు పోయింది’ అని మాత్రమే రాసుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఒక సాఫ్ట్‌వేర్‌ను ముగ్గురం కలిసి తెలుగులోకి తెస్తున్నాం. పెనుకొండలో కంప్యూటర్లు నేర్పే సారు, ధర్మవరం జిరాక్సు షాపులో పనిచేసే అక్క, హిందూపురంలో డిగ్రీ చదివే నేను. జీతం లేదు, చేయమని అడిగినవాళ్ళూ లేరు. తెలుగు చేసిన మాటలన్నీ ఒకే పెద్ద ఫైలు. దాన్ని ఇంటర్నెట్‌లో ఒక ఉచిత చోట పెట్టుకున్నాం. ముగ్గురికీ ఒకటే పాస్‌వర్డ్. ముందు ఫైలు దించుకోవాలి, మన మాటలు చేర్చాలి, మళ్ళీ మొత్తం ఎక్కించాలి. అప్పుడు అక్కడున్న పాత ఫైలు చెరిగిపోయి, దాని చోట కొత్తది కూర్చుంటుంది.

ఆ సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో కరెంటు పోయే వేళయింది. దించుకోవడానికి పది నిమిషాలు పట్టేట్టుంది. దించకుండానే నా ఫ్లాపీలో ఉన్న ఫైలును ఎక్కించేశాను. సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే సహాయం పేజీలన్నీ అక్క నాలుగు నెలలు కూర్చుని పూర్తిచేసి, ముందురోజే ఒకేసారి పెట్టిందని నాకు తెలియదు. ఆమెకు ఉన్నది ఒక్క ఫ్లాపీ. ఎక్కించాక దాన్ని తుడిచేసి మళ్ళీ వాడుకునేది. షాపు కంప్యూటర్లో సొంత ఫైళ్ళు ఉంచనిచ్చేవారు కాదు.

ఆదివారం సారు ఇంట్లో కలిశాం. ముందర బొరుగులు, మిరపకాయ బజ్జీలు.

“సహాయం పేజీలు ఒక్కటీ లేవు గదమ్మా,” అన్నాడు సారు.

“మంగళవారం పెట్టినా సార్! కండ్లారా చూసినా.”

మంగళవారం. నేను ఎక్కించింది బుధవారం.

“మన ఫైలు గూడా ప్యాసింజర్ రైలు మాదిరి అయిపాయనే. యాడ నిలబడిందో దేవునికే తెలియల్ల,” అని నవ్వి, సారు నా వైపు తిరిగాడు. “నువ్వేమన్నా తాకినావా పాపా?”

తల అడ్డంగా ఊపాను.

“అయితే నువ్వే పెట్టినాననుకొని పెట్టలేదమ్మా. కొత్త గదా, అయితాది లే.”

అక్క మొహం చూడలేకపోయాను. ఆమె మాత్రం నెమ్మదిగా అంది: “సార్, ఎవరు ఎప్పుడు ఏం మార్చినారో రాసిపెట్టే చోట్లు ఉండాయంట. ఎవరి పేరు వాళ్ళకి. పాతవి గూడా పోవంట. ఆడికి మారదాం.”

“ఆ తంతు నేర్చుకునేసరికి మన జుట్టు నెరుస్తాది. మీరిద్దరూ నాకు పంపండి, నేనొక్కడినే చూసి ఎక్కిస్తా. ఏం పాపా, నువ్వేమంటావు?”

ఆ చోటికి మారితే జరిగిపోయింది కూడా బయటపడుతుందని నమ్మాను. మారిన రోజు నుంచే అది రాసుకోవడం మొదలుపెడుతుందన్న చిన్న విషయం నాకప్పటికి తెలియదు.

“సారు ఒక్కరే ఎక్కిస్తే మేలు,” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. నలుగురిలో నోరు తెరవని దాన్ని, ఆ పూటకు తెరిచాను.

“సరే. నువ్వు మాత్రం కొన్నాళ్ళు కాగితం మీద రాసి పంపమ్మా, నేను టైపు కొట్టుకుంటా,” అన్నాడు సారు అక్కతో.

“జిరాక్సు గూడా తీసి పంపల్లేమో సార్,” అని అక్క నవ్వింది. కాసేపటికి, “ఇంక నాతో కాదు లెండి,” అంటూ లేచింది.

స్టేషన్ దాకా ఇద్దరమూ నడిచే వెళ్ళాం. దారంతా చెప్పాలనుకుంటూనే ఉన్నాను. ధర్మవరం రైలు ముందు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీలోంచి చెయ్యి చాపి నా భుజం తట్టింది. ఏదో తిడుతుందేమోనని బిగుసుకుపోయాను.

“నా చేతగానితనానికి మీ పని గూడా వెనకబడిపాయ పాపా,” అంది. “మనసులో పెట్టుకోవద్దు.”