మూడు కత్తెర్లు

మా పిన్ని వేలు ఎప్పుడూ తన జడ మధ్యలోనే ఉండేది. "ఇక్కడిదాకా నేను. ఇక్కణ్ణుంచి కిందికి మీ నానమ్మ," అనేది విసుగ్గా.

కాలవ కింద పొలం కొనుక్కుని గోరేబాళ అనే ఊరికి వచ్చిన కొత్తలో, ఉంగరాల జుట్టు పొగరుకి గుర్తని నానమ్మ ఈ కోడలి తలకి సున్నపుతేట పట్టించి సాపు చేయించేది. మాడు పొక్కిపోయాక పిన్ని మానేసింది. కొత్తగా పెరిగేది ఉంగరాలు, కిందిదంతా చీపురు పుల్లలు. రెండూ కలిసే చోట దువ్వెన ఆగిపోయేది. పిన్నికి జడేసే పని నాదే; దువ్వలేక నాకు ఏడుపొచ్చేది. కత్తిరిద్దామంటే, "ముత్తైదువ జుట్టుకి కత్తెరేంటే?" అని నానమ్మ గయ్యిమనేది.

ఆఖరికి పిన్ని వెంకన్నకి మూడు కత్తెర్లు మొక్కుకుంది. ఆడవాళ్ళు మూడుసార్లు జుట్టు కొసలు కత్తిరించి ఇచ్చే మొక్కు అది. కొండమీద పిన్ని జుట్టంతా గుప్పిట పట్టి, ఎప్పుడూ వేలు పెట్టే చోటే మంగలికి చూపించింది. మూడు కత్తెర్లకే సాపు జుట్టంతా పోయింది.

ఇంటికొచ్చాక నానమ్మ ఆ తలని చాలాసేపు చూసింది. "దేవుడిది దేవుడికి పోయింది. ఇక పెరిగేదానికి సున్నం నానేస్తాను," అంది.

"నానెయ్యండత్తయ్యా," అంది పిన్ని. "పెరిగినప్పుడల్లా మొక్కుకుంటాను."