భీమిలిలో పిట్టకు పెట్టిన రోజు

మొన్న ఒక చుట్టం చనిపోయిన మూడో రోజుకు అక్కా నేనూ ఎల్లారెడ్డి వెళ్లాం. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, పిట్టకు పెట్టి, అందరం దూరంగా నిలబడ్డాం. కాకి ముడితే పోయినాయనకు తృప్తి. వద్దన్న రోజు వంటింట్లోకి దూరే కాకులు అవసరానికి కనబడవు. మెడలెత్తి చూస్తుంటే నాకు భీమిలి గుర్తొచ్చింది.

కామారెడ్డి నుంచి మా వాడకట్టు వాళ్లం బస్సు మాట్లాడుకుని సింహాచలం వెళ్లినప్పుడు, ఎలాగూ వచ్చాం కదా అని భీమిలి కూడా చూశాం. లైట్‌హౌస్ దగ్గర "గింత దూరం నుంచొస్తే జర లైటన్న ఎయ్యరాదు?" అని ఒకావిడ పట్టపగలు పోట్లాట. చివరికి డచ్చివాళ్ల సమాధుల తోట. ఉప్పుగాలికి నల్లబడ్డ గోపురాలు, రాళ్ల మీద మనకు రాని అక్షరాలు. ఎప్పుడో ఓడల్లో వ్యాపారానికి వచ్చి ఇక్కడే పోయినవాళ్లని గైడు చెప్పాడు. బీడీలు చుట్టి పిల్లల్ని సాకిన మా అక్క అక్కడే ఆగిపోయింది.

"ఈళ్ల పెండ్లాలు వచ్చి చూసిండ్రా?"

"ఎక్కడమ్మా! కబురైనా వెళ్లిందో లేదో" అని నవ్వాడతను.

మా బావ అంతకుముందే గల్ఫ్‌లో పోయాడు. శవం ఎప్పుడొస్తుందో చెప్పలేమని ఆయన ఉండే కూలీల క్యాంపు నుంచి ఫోనొస్తే, ఆ ఎదురుచూపు పడలేక "అక్కడే మట్టి చేయండి" అన్నది నేను. అక్క గోడకానుకుని తలూపింది. ఇక్కడ మట్టి లేదు కనుక పిట్టకు పెట్టడమూ లేదు. ఆ మాట మళ్లీ ఎత్తకపోతే మానిపోతుందనుకున్నాను. నా తెలివి అంత.

అక్క ఒక చిన్న సమాధి చుట్టూ గడ్డి పీకింది. సంచిలోంచి సకినాలు తీసి రాతి మీద పెట్టింది, పక్కన ఒక బీడీ. బావకు ఆ రెండూ ఉండాలి.

"గిదేందక్కా, ఎవలదో..."

"ఎవలదైతేంది? మీ బావకు ఆడ ఎవలన్న గడ్డి పీకుతుండొచ్చు."

"ఆడ్నే చెయ్యుండ్రని నేనే అన్న గదక్కా."

"నువ్వన్నవ్. తలూపింది నేను."

సముద్రం ఒడ్డున కాకులకేం కొదవ! చేపల దగ్గర గుంపులు గుంపులు. ఒక్కటీ ఇటు రాలేదు. బస్సు హారన్ మోగుతూనే ఉంది. నేను వెళ్లి డ్రైవర్ని బతిమాలాను, వాడకట్టంతా నన్ను తిట్టుకుంది. పొద్దు వాలాక అక్కే లేచింది. "పా తమ్మీ. అలిగిండు."

ఎల్లారెడ్డిలో మాత్రం కాకి వచ్చి వాలింది. అందరూ హమ్మయ్య అనుకుని భోజనాలకు కదిలారు. "ఈయన పుణ్యాత్ముడు, జెప్పన్నే వచ్చింది" అంది అక్క, నా వైపు చూడకుండా.

కాలం అన్నీ మరిపిస్తుందంటారు గానీ, మా ఇద్దరికీ బావ మూడో రోజు ఇంకా గడవలేదు.