గుండిగ పారేసిన కత్తెర

మా తోడికోడలికి ఆఫీసులో పెట్టిన పేరు కత్తెర. మొదట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, మా ఇంటి కోడలిని అలా పిలవడానికి వాళ్లెవరని. ఇప్పుడు నేనూ అలాగే పిలుస్తున్నాను. పనికి తగ్గ పేరు మరి. మనుషుల మాట అర్థం చేసుకుని జవాబు చెప్పే పెద్ద పెద్ద మోడళ్లను కత్తిరించి, అరచేతిలో పట్టే పరికరంలో ఇమిడేలా చెయ్యడం ఆమె ఉద్యోగం.

కింద వాటాలో నేనూ మా ఆయనా, పై వాటాలో కత్తెర, మా మరిది. అన్నదమ్ములు ఇద్దరే, ఆడపడుచులు లేరు. కాబట్టి తోడికోడళ్లం కూడా ఇద్దరమే.

కత్తెర ఈ ఇంటికొచ్చిన కొత్తలో మొదట కత్తిరించింది నా వంటగదిని. వారం రోజులు నేను ఏం వాడుతున్నానో గమనించి, వాడనివన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. అందులో ఇరవైమందికి అన్నం వండే గుండిగ కూడా పోయింది. మరుసటి నెల చుట్టాలు దిగినప్పుడు చిన్న గిన్నెలో వాయి తర్వాత వాయి వండుతూ నేను పెట్టిన శాపనార్థాలు పై వాటాదాకా వినిపించాయి. ఆమె ఏమీ నొచ్చుకోకుండా వచ్చి పొయ్యి దగ్గర నిలబడి, "తప్పు నాదే అక్కా, ఒక్క వారమే చూశాను," అంది. అలా ఒప్పేసుకునేవాళ్లతో ఎంతసేపని పోట్లాడతాం?

మా ఆయన నీటి సరఫరా విభాగంలో ఫిట్టరు. ఎక్కడ పైపు పగిలినా గోతిలోకి దిగేది ఆయనే. దిగే ముందు ఆ పైపులోకి నీళ్లు రాకుండా వాల్వు మూయాలి. ఏ వాల్వు అన్నదే చిక్కు. నేల కింద పైపులు చుట్టరికాల్లా అల్లుకుపోయి ఉంటాయి, ఎవరు ఎవరికి ఏమవుతారో పెద్దవాళ్లకే తెలియాలి. కొత్త కాలనీలు వచ్చాక ఆ పెద్దవాళ్లకీ తెలియడం మానేసింది.

అందుకని ఆ విభాగంవాళ్లు కత్తెర ఆఫీసుకు వెళ్లారు. "ఫలానా చోట పగిలింది, ఏది మూయాలి?" అని మామూలు మాటల్లో అడిగితే, పైపుల పటంలో ఒక్కో కూడలీ దాటుకుంటూ వెళ్లి జవాబు చెప్పే మోడల్ కావాలన్నారు. పెద్ద మోడల్ భేషుగ్గా చెప్పేది. కానీ దానికి ఒక గదినిండా యంత్రాలు కావాలి, గోతుల్లోనేమో సిగ్నల్ అందదు. మొత్తం తెలివంతా ఫిట్టరు జేబులో పట్టాలి. ఆ పని కత్తెరకు అప్పగించారు. ఆ జేబు మా ఆయనది కనుక నాకూ అందులో భాగముంది.

చిన్నదాన్ని తయారుచేసి పరీక్ష పెడితే నూటికి తొంభై ఏడు వచ్చాయి. పెద్దసారు, అంటే వాళ్ల ఆఫీసు పెద్ద, సోమవారమే పరికరాలు ఇచ్చేస్తామని మాట ఇచ్చేశారు.

శుక్రవారం సాయంత్రం కత్తెర పరికరం పట్టుకుని కిందికొచ్చింది. ఇది ఆమెకు అలవాటు. ఏ మోడల్ చేసినా దానికి మా కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పి నా ముందు పెడుతుంది. చుట్టరికాల ప్రశ్నల్లో నన్ను మించినవాళ్లు లేరని ఆమె నమ్మకం, అది నిజమే.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలి కదక్కా. అడుగు."

"మా నాన్న అక్క భర్త నాకేమవుతాడు?"

మామయ్య అంది పరికరం. పిట్ట కొంచెం కూత ఘనం అనుకున్నాను. అదే ఊపులో, "మా ఆయన తమ్ముడి భార్యకి తోడికోడలు ఎవరు?" అన్నాను.

"మీ వదిన," అంది.

నాకు నవ్వాగలేదు. "నాకు అన్నలు లేరు, ఆడపడుచులు లేరు, ఈ వదిన ఎక్కణ్ణుంచి ఊడిపడిందే?"

కత్తెర నవ్వలేదు. అదే ప్రశ్నను మాటలు మార్చి అడిగింది. ఎంత దూరపు చుట్టరికమైనా సరిగ్గానే చెబుతోంది, తిరిగి తిరిగి అడిగినవాళ్ల దగ్గరికే వచ్చే ప్రశ్న అయితే మాత్రం ఎవరో ఒకరిని పుట్టిస్తోంది. పెద్ద మోడల్‌ను ఫోన్లో అడిగితే వెంటనే "మీరే" అంది.

అప్పుడు కత్తెర టీ కప్పు కింద పెట్టి, బజారు చుట్టూ ఉన్న పైపు పగిలిందని పరికరానికి చెప్పింది. అది ఒక్క వాల్వు పేరు చెప్పి ఊరుకుంది.

"ఆ పైపు బజారంతా చుట్టి మొదలైన చోటికే వస్తుందక్కా," అంది మెల్లగా. "ఒకవైపు మూస్తే నీళ్లు రెండోవైపు నుంచి వస్తాయి. దీనికి ఆ రెండోవైపు కనబడట్లేదు."

నా నవ్వు ఆగిపోయింది. ఆ నీళ్లు వచ్చేసరికి గోతిలో ఉండేది మా ఆయన. నాకు భయమేసింది, దాచుకోవడం ఎందుకు.

మర్నాటికల్లా కారణం పట్టుకుంది. మోడల్‌లో ఏ భాగాలు కోయాలో తెలియడానికి, ఫిట్టర్లు రోజూ అడిగే ప్రశ్నలు కొన్ని దానికి వేసి, ఏవి పనిచేస్తున్నాయో చూసిందట. రోజూ అడిగేవి ఇళ్లకు వెళ్లే చిన్న పైపుల గురించే. తిరిగొచ్చే దారులను ఆలోచించే భాగాలు ఆ ప్రశ్నలకు కదల్లేదు. కదలనివన్నీ ఖాళీగా ఉన్నాయనుకుని కోసేసింది. పరీక్ష పెట్టిందీ అలాంటి ప్రశ్నలతోనే, మార్కులు రాక ఏం చేస్తాయి?

"నీ గుండిగ మళ్లీ పారేశానక్కా," అంది.

వెంటనే ఫోన్ తీసింది. పెద్దసారు గొంతు నాకూ వినిపిస్తోంది.

"తొంభై ఏడు వచ్చాయి కదమ్మా. ఇచ్చేద్దాం, మెల్లగా సర్దుకోవచ్చు."

"ఇవ్వనండి."

"మాట ఇచ్చేశానమ్మా. నా పరువేం కాను?"

"మీ పరువు వారం ఆగగలదు సార్. మా బావగారు గోతిలో ఉన్నప్పుడు నీళ్లు వారం ఆగవు. సోమవారం నేనే వెళ్లి నీటి విభాగంవాళ్లకి చెప్తాను."

చెప్పింది కూడా. అక్కడ ఒకాయన, "అంత చదివి ఇంత చిన్న పొరపాటా?" అన్నాడట. "పొరపాటు పెద్దదేనండి, గోతిలో దిగకముందే దొరికింది," అందట. మా మరిది చెప్పాడు ఈ సంగతి, ముఖం వెలిగిపోతూ.

తర్వాత కోసినదానిలో కొంత తిరిగి అతికించింది. పెద్ద మోడల్ చేత చిన్నదానికి పాఠాలు చెప్పించింది, ఈసారి అన్నీ తిరిగొచ్చే దారులే. చుట్టరికాల పాఠాలు నావి. మోడల్ కాస్త పెద్దదైంది, జవాబుకు ఒక క్షణం ఎక్కువ తీసుకుంటోంది. పెద్దసారు సణిగారు. నేను మళ్లీ అడిగాను, మా ఆయన తమ్ముడి భార్యకు తోడికోడలు ఎవరని. ఒక్క క్షణం ఆలోచించి, "మీరే," అంది. అప్పుడు పరికరాన్ని నా చేత్తోనే మా ఆయన జేబులో పెట్టాను.

వానలు పడ్డాక బజారు పైపు నిజంగానే పగిలింది. ఆ సాయంత్రం అన్నం తింటూ చెప్పారు మా ఆయన.

"మొదటి వాల్వు మూయగానే ధార తగ్గిపోయింది. చాల్లే, దిగిపోదాం అనుకున్నాను. ఇదేమో, రెండోది మూశారా అని అడిగింది. వెళ్లి మూశాను. దిగి పని చేస్తుంటే రెండోదాని వెనకాల నీళ్లు గుద్దుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది."

అంతవరకు చెప్పి, మజ్జిగ పొయ్యమన్నారు. ఆయన ఎప్పుడు గోతి నుంచి వచ్చినా మేజోళ్లు పిండితే బకెట్ సగం నిండుతుంది. ఆరోజు వాటికి మట్టి తప్ప తడి లేదు.

నేను పైకి వెళ్లాను. కత్తెర జుట్టులో పెన్ను గుచ్చుకుని తెర ముందు కూర్చుని ఉంది.

"నీ చాదస్తం చల్లగా ఉండాలే," అన్నాను.

"బావగారు వచ్చేశారా?"

"వచ్చారు. అన్నం తింటున్నారు."

ఆమె నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత పక్కన కుర్చీ లాగింది.

"కూర్చో అక్కా. ఈ మోడల్ని ఇంకా సగానికి తగ్గించాలి. ఈసారి కోయకముందే నీ ప్రశ్నలన్నీ అడుగుదువు గాని."