సముద్రం మీద ఒక్క ఉపన్యాసం

మా ఊరి బోర్డుల పెయింటరు పోయాడని చాయ్ హోటల్లో తెలిసింది. "పెయింటరు పోయిండు సార్. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయిందట" అని ఓనరు గల్లాపెట్టె దగ్గరి నుంచే చెప్పాడు. చేతిలోని పేపరు మడిచి ఇంటికి వచ్చేశాను.

సిద్దిపేటలో ఒకప్పుడు సగం దుకాణాల పేర్లు ఆయన చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. నెలకొక ఆదివారం లైబ్రరీ గదిలో ఉపన్యాసం పెట్టించడం మాత్రం ఆయన మానలేదు. చెరువుల చరిత్ర, గొల్లభామ చీర నేత, ఒగ్గుకథ, ఏది ఎవరికి తెలిస్తే వాళ్లను బతిమాలి తెచ్చేవాడు. చివర్లో చాయ్ వచ్చేది. మొదటి కప్పు ఉపన్యాసంలో తప్పు పట్టినవాడికే. "సారు నిద్రపోలే, ముందుగాల సారుకియ్యి" అనేవాడు. ఏళ్ల తరబడి ఆ కప్పు నాదే. పుస్తకాలు చదివినవాణ్ని కదా, దాని రుచి మరిగాను.

ఆయన స్వయంగా మాట్లాడింది ఒక్కసారే, సముద్రం గురించి. వయసులో ఉన్నప్పుడు బొంబాయి రేవులో తాళ్ల మీద వేలాడుతూ ఓడలకు రంగులు వేసిన మనిషి. ఆ ఆదివారం రావలసిన వక్త రాకపోతే తానే లేచాడు. ముందు వరుసలోని కాలేజీ లెక్చరరు ఒకడు, "సిద్దిపేటల సముద్రమేంది, కోమటిచెరువు సంగతి చెప్పరాదు" అని అందరినీ నవ్వించాడు. మొన్న సంతాప సభలో పెయింటరు ఫోటోకు మొదటి దండ వేసి, గొంతు పూడుకుపోయినట్టు మాట్లాడింది అతనే. ఇది అచ్చులో ఉండాలని రాస్తున్నాను.

నా సంగతీ ఉండాలి. ఉపన్యాసం అయ్యాక నేను లేచి, "ఒక్క పుస్తకం పేరన్నా చెప్పలేదు. ఇది ఉపన్యాసం కాదు, కూలి ముచ్చట" అన్నాను. మొదటి కప్పు ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నిజమే సార్. ఇగ చదివినోళ్లనే పిలుస్త" అన్నాడు. అట్లాగే పిలిచాడు. ఆ గదిలో మళ్లీ ఎన్నడూ తాను మాట్లాడలేదు.

కర్మలు అయిన మర్నాడు ఆయన బిడ్డ మా ఇంటికి వచ్చింది. "పెద్దబాపు, సముద్రం సంగతి బాపు ఇంట్ల ఎన్నడు చెప్పలే. అడిగితే 'నాదేముంది, కూలి ముచ్చట' అనేటోడు. ఆనాడు మీరున్నరట గద. ఏం చెప్పిండు?"

నాకు గుర్తు లేదు. తప్పులు వెతుకుతూ కూర్చున్నానే తప్ప వినలేదు. ఆ మాట ఆమెతో అనలేక పాత నోటుబుక్కు వెతికి ఇచ్చాను. ఆ రోజు పేజీలో ఆయన అన్న మాటలు మూడు ఉన్నాయి. మూడింటి పక్కనా ఎర్ర సిరాతో నా తీర్పులు.

ఆమె గుమ్మంలో నిలబడే చదివింది. "తాడు మీద ఉన్నోనికి, కింద సముద్రం పండుకొని ఊపిరి తీస్తున్నట్టు ఇనిపిస్తది." దాని పక్కన నేను రాసుకున్నది: ఆధారం లేదు.

ఆమె ఎర్ర అక్షరాల మీద బొటనవేలు పెట్టి మూసి, వాళ్ల బాపు మాటను మళ్లీ మెల్లగా పైకి చదువుకుంది.