ఎనిమిది స్క్రూలు, ఐదు టిచ్ బటన్లు

ఆ పిల్లల ఆస్పత్రిలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు. అందరికీ ఆమె కత్తెరమ్మే. అదొక ధర్మాసుపత్రి. అరవై మంచాలు, అరవై మంది పిల్లలు, వాళ్ళ వెంట వచ్చిన అమ్మలు, అమ్మమ్మలు. పిల్లలు వేసుకునే గౌన్లన్నీ కింది అంతస్తులో, లాండ్రీని ఆనుకుని ఉన్న గదిలో, ఆమె చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. వారానికి రెండు రోజులు కొత్తవి కుట్టేది. మిగతా రోజులన్నీ చిరిగినవాటికి కుట్లు వేయడంతోనే సరిపోయేది.

ఇక్కడికి రాకముందు ఆమె ఒక బట్టల కర్మాగారంలో ఆరేళ్ళు పనిచేసింది. ఆ ఆరేళ్ళూ చొక్కాలకి ఎడమ చేతులు మాత్రమే కుట్టింది. కుడి చేతులు ఇంకో వరసలో కుట్టేవాళ్ళు, కాలర్లు ఇంకో గదిలో. తను కుట్టిన చెయ్యి చివరికి ఏ చొక్కాకి అతుక్కుందో, ఆ చొక్కా ఎవరి ఒంటి మీదికి చేరిందో తెలియక ఆమెకి కడుపు ఉబ్బిపోయేది. ధర్మాసుపత్రిలో ఒక్క మనిషే గౌను మొత్తం కుట్టాలని తెలిసిన మర్నాడే ఆ పని మానేసి ఇక్కడ చేరింది. అప్పటినుంచి పందొమ్మిదేళ్ళు.

కింద పనిచేసేవాళ్ళు పై వార్డుల్లోకి ఊరికే వెళ్ళడానికి లేదు. చెప్పులు మార్చుకోవాలి, చేతులు కడుక్కోవాలి, ఎందుకొచ్చావన్న సిస్టరు చూపుకి జవాబు చెప్పుకోవాలి. అందుకని కత్తెరమ్మ పిల్లల్ని చూసింది తక్కువ. కానీ వాళ్ళ గురించి ఆమెకి తెలియనిది తక్కువ. గౌన్లన్నీ ఉతికి మరమ్మతుకి వచ్చాక, ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి తిప్పి చూసేది.

"ఈ మూడో సైజువాడు ఎడమచేతి వాటం, వదినా. చూడు, సిరా అంతా ఎడమ చేతి అంచుకే ఉంది," అనేది లాండ్రీ ఆవిడతో.

"నీకెందుకు వదినా అదంతా? వాడికేమన్నా పిల్లనివ్వబోతున్నావా?"

"వీడు మెడ దగ్గర నాడా నములుతున్నాడు. సూది వేసే ముందు నములుతాడో, వేశాకో?"

"పైకి పోయి నువ్వే అడుగు. నన్ను మటుకు నమలకు."

ఒక వారం ఐదో సైజు గౌను ఒకటి వచ్చింది. ఆస్పత్రి గౌన్లకి వెనక వైపు తెరిచి ఉంటుంది, రెండు జతల నాడాలతో కట్టుకోవాలి. ఈ గౌను నాడాలకి ఏడేసి ముళ్ళు పడి ఉన్నాయి. విప్పడానికి రాక లాండ్రీ ఆవిడ కత్తిరించేసింది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. కత్తెరమ్మ ముళ్ళని వేళ్ళతో తడిమింది. అన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి. ఎవరి వీపు మీద వాళ్ళు అలా వేసుకోలేరు, వెనక ఎవరో నిలబడి వేశారు. గౌను వీపు భాగమంతా సున్నం. వేసుకున్న మనిషి రోజంతా గోడకి అంటుకుని కూర్చుంటోంది.

గౌన్ల కట్ట తీసుకెళ్ళడానికి కిందికి వచ్చిన సిస్టరుని పట్టుకుంది.

"ఎవరమ్మా ఇది? పగలంతా గోడ వదలదు, వెనకాల ఎవరో పెద్దావిడ ఉంది."

సిస్టరు నోరు తెరిచింది. "అది మా గోడరాణి! నీకెవరు చెప్పారు?"

"గౌను చెప్పింది. ఏమయింది పిల్లకి?"

పదకొండేళ్ళ పిల్ల. వెన్నెముక ఒక పక్కకి వంగిపోయి, వీపు మీద గూను లేచింది. పెద్ద డాక్టరు రెండు కడ్డీలు, ఎనిమిది స్క్రూలు వేసి నిలబెట్టాడు. ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజునుంచి నడవాల్సిన పిల్ల పదో రోజు వచ్చినా మంచం దిగడం లేదు. ఇలాగే కూర్చుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని డాక్టరు భయపడుతున్నాడు. ఇప్పటికే సన్నగా దగ్గు మొదలైంది.

"నొప్పా?"

"లేదంటుంది. భయమా అంటే కాదంటుంది. పిల్లలతో మాట్లాడటానికి వచ్చే బొమ్మలక్క గంటసేపు పక్కనే కూర్చుంది. 'మీరు కూర్చోండి, నేను మాత్రం లేవను' అంది, అంతే."

కత్తెరమ్మ గౌనుని తన ముందు పట్టుకుని, వెనక తెరుచుకుని ఉన్న చీలికని రెండు చేతులతో విడదీసి చూపించింది.

"వీపు కనపడుతుందని లేవడం లేదు."

"ఆ గూను పోయిందిగా! ఇంకా ఏం దాస్తుంది?"

"పదేళ్ళు దాచుకున్నది పది రోజుల్లో మానేస్తుందా? నువ్వొకసారి ఇది వేసుకుని వార్డంతా నడిచిరా, తెలుస్తుంది."

సిస్టరు గౌన్ల కట్ట ఎత్తుకుని వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం కత్తెరమ్మ కొత్త గౌను కత్తిరించింది. ఆమెకి పని నేర్పిన ముసలి టైలరు వెళ్ళిపోయే రోజున ఒక్క మాట చెప్పాడు. నాడాలే కుట్టు, గుండీలొద్దు, హుక్కులొద్దు. ఎందుకో అతను చెప్పలేదు. ప్రపంచంలో అన్నిటికీ ఎందుకని అడిగే కత్తెరమ్మ, ఈ ఒక్కటి మాత్రం అడగలేదు. పడుకుంటే వీపుకి గుచ్చుకుంటాయి కాబోలు అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మరి టిచ్ బటన్లు గుచ్చుకోవుగా! పలచగా ఉంటాయి, నొక్కితే మూసుకుంటాయి. అడుగున రెండు మడతల మెత్తటి బట్ట వేసి, వెనక చీలిక పొడుగునా వరసగా ఐదు కుట్టింది.

మర్నాడు సిస్టరు మెట్ల మీదనుంచే అరిచింది. "కత్తెరమ్మా! లేచింది! కిటికీ దాకా వెళ్ళి వచ్చింది!"

ఆ మరుసటి రోజు వరండా చివరి దాకా. మూడో రోజున ఎక్స్‌రే గదికి తన కాళ్ళతో తనే నడిచి వెళ్ళిందట. కత్తెరమ్మ ఆ రోజు లాండ్రీ ఆవిడకి టీ పోసి, ఆ కబురే మూడుసార్లు చెప్పింది.

నాలుగో రోజు పెద్ద డాక్టరు పిలిపించాడు.

గదిలో ఆయనతోపాటు ఎక్స్‌రే ఆయన తల దించుకుని నిలబడి ఉన్నాడు. వెలుగుతున్న తెల్లటి పెట్టె మీద ఒక ఫిల్ము.

"కత్తెరమ్మా, నేను వేసినవి ఎనిమిది స్క్రూలు. ఇందులో పదమూడు ఉన్నాయి. మిగతా ఐదూ నువ్వు వేశావట, నిజమేనా?"

ఆమెకి తల తీసేసినట్టయింది. అయినా ఆమె కళ్ళు మాత్రం ఆ ఫిల్ము మీదనుంచి కదల్లేదు. ఇన్నేళ్ళూ పిల్లల్ని బట్టల బయటనుంచే చూసింది. ఇదుగో, లోపల. నిలువునా రెండు గీతలు, వాటి పక్కన చిన్న చిన్న మేకులు. వాటి మీద గుండ్రంగా, తెల్లగా, తన ఐదు బటన్లు.

"ఇనుము ఫొటోలో పడుతుందని తెలీదా?" అన్నాడు ఎక్స్‌రే ఆయన. "ఈ ఆస్పత్రి గౌనులో నాడాలు తప్ప ఇంకేం ఉండదన్న ధీమాతో నేనూ తడిమి చూడలేదు."

"ఒక బటను సరిగ్గా నాలుగో స్క్రూ మీద కూర్చుంది," అన్నాడు డాక్టరు. "అది గట్టిగా ఉందో లేదో చూడటానికే తీయించాను. దాంతో మళ్ళీ తీయాల్సి వచ్చింది. పిల్లకి అనవసరంగా ఇంకో ఫొటో."

"స్క్రూ గట్టిగానే ఉందా బాబూ?"

"ఉంది. పిల్లే మళ్ళీ గోడకి అతుక్కుంది."

రెండోసారి తీసేటప్పుడు కత్తెరమ్మ గౌను విప్పించి, నాడాల గౌను తొడిగారు. ఫొటోలో ఏదీ అడ్డం రాకూడదని నాడాలు విప్పి, వెనక బట్ట పక్కలకి లాగి పట్టుకున్నారు. ఇద్దరు మనుషులు, తెరిచి ఉన్న తలుపు. అక్కడినుంచి చక్రాల కుర్చీలో తెచ్చి మంచం మీద దించితే మళ్ళీ దిగలేదు. దగ్గు ఎక్కువైంది.

"రేపు సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ లేవకపోతే ఇద్దరు పట్టుకుని లేపి నడిపించాలి. అలా చేయడం నాకిష్టం లేదు. కానీ నెమ్ము చేరితే పిల్ల దక్కడం కష్టం," అన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున్నే కత్తెరమ్మ చెప్పులు మార్చుకుంది, చేతులు కడుక్కుంది, మెడలో టేపు వేసుకుని పైకి వెళ్ళింది. సిస్టరు ఏమీ అడగకుండా కిటికీ పక్క మంచం చూపించింది.

పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంది. బక్కపల్చని మొహం, పెద్ద కళ్ళు. పక్కన స్టూలు మీద అమ్మమ్మ.

"ఎవరమ్మా నువ్వు?" అంది అమ్మమ్మ.

"గౌన్లు కుట్టేదాన్ని."

పిల్ల మొహం బిగుసుకుంది. "అమ్మమ్మా, ఆవిణ్ణి వెళ్ళమను. ఆవిడ వల్లే రెండో ఫొటో అప్పుడు నా వీపు అందరూ చూశారు."

"అవును, తప్పు నాదే," అంది కత్తెరమ్మ.

పెద్దవాళ్ళు అంత తొందరగా ఒప్పుకోవడం ఆ పిల్లకి కొత్త లాగుంది. కాసేపు చూసి అడిగింది. "టిచ్ బటన్లు ఫొటోలో పడతాయని మీకు నిజంగా తెలీదా?"

"తెలీదు."

"ఎన్నేళ్ళనుంచి కుడుతున్నారు?"

"పందొమ్మిది."

"పందొమ్మిదేళ్ళూ ఎవర్నీ అడగలేదా?"

"లేదు. అందుకే ఈసారి కుట్టకముందే అడుగుదామని వచ్చా. గౌను నీకెలా ఉండాలి?"

పిల్ల కిటికీ వైపు చూసింది. దగ్గింది. ఆ తర్వాత, చాలా రోజులుగా ఆలోచించి పెట్టుకున్నదానిలా గబగబా చెప్పింది. వెనక రెండు రెక్కలూ ఒకదాని మీద ఒకటి పడాలి, చీర కుచ్చెళ్ళలా. నాడా పక్కన, నడుము దగ్గర ఉండాలి, తనకి తనే కట్టుకునేలా. డాక్టరు కట్టు చూడాలంటే పై రెక్క ఒక్కటి తీస్తే చాలు, అదీ తనని అడిగాకే తియ్యాలి.

"బట్ట ఎక్కువ పడుతుంది," అంది కత్తెరమ్మ, కాస్త ఈర్ష్యగా. ఇన్నేళ్ళలో తనకి తట్టని సంగతి అది. "పడితే పడనీ. కొలతలు కావాలి. వీపు కొలవాలి."

పిల్ల గోడని ఇంకా నొక్కుకుంది.

"నేను చూడను. బట్ట మీదనుంచే. గోడకీ నీకూ మధ్య నా వేళ్ళు పట్టే సందిస్తే చాలు."

చాలాసేపటికి ఆ సందు వచ్చింది. కత్తెరమ్మ టేపు జార్చి, భుజంనుంచి నడుము దాకా వేళ్ళతోనే వెతుక్కుంటూ, అంకెలు పైకి చదివింది. "ఎడమ పదమూడు. కుడి పదమూడుంపావు."

"మళ్ళీ కొలవండి."

"పదమూడు. పదమూడుంపావు."

"ఆపరేషన్‌కి ముందు రెండించుల తేడా ఉండేది," అంది పిల్ల మెల్లగా. "మా టైలరు నా జాకెట్లు ఒక పక్క పొట్టిగా కుట్టేవాడు. అందరూ బావుందంటున్నారు. అమ్మమ్మా బావుందంటుంది. అంతకుముందు కూడా బావుందనే అనేది."

"నేను బావుందని అనలేదు, పదమూడుంపావన్నాను. కొలతలో అబద్ధం ఆడితే గౌను కుదరదు."

పిల్ల లోపల లెక్కేసుకుంటున్నట్టు పెదాలు కదిపింది. "అయితే పావించి ఇంకా మిగిలిందన్నమాట."

"అంత తేడా ఎవరికైనా ఉంటుంది."

"మీకుందా?"

కత్తెరమ్మ వేల గౌన్లు కొలిచింది. ఆమె మీద టేపు పెట్టినవాళ్ళు లేరు. "ఏమో," అంది నిజాయితీగా. "ఎవరూ కొలవలేదు."

"ఇటివ్వండి."

"నేను కూర్చుంటాను. నువ్వు వంగకూడదు, నా వెనక్కి వచ్చి కొలవాలి మరి."

ఆమె అమ్మమ్మని లేపి, ఆ స్టూలు మీద వీపు తిప్పి కూర్చుంది. వీపు ఇంకొకరికి అప్పగించమని తను ఆ పిల్లని అడగడమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. వెనక మంచం కిర్రుమంది. ఏమవుతోందో చూడాలని ప్రాణం పీకుతోంది, అయినా మెడ తిప్పలేదు. నేల మీద ఒక పాదం చప్పుడు, కాసేపాగి రెండోది. భుజం మీద టేపు చల్లగా ఆనింది.

"పదహారు," అంది పిల్ల గొంతు, సరిగ్గా చెవి వెనకాల. "ఇటు... పదహారున్నర. అరంగుళం! నాకంటే ఎక్కువ!"

"కుట్టు మిషన్ ముందు కూర్చుని కూర్చుని వంకరపోయుంటాను. ఎప్పుడూ తెలీనేలేదు!"

"నాది కూడా చూడవే," అంది అమ్మమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

అమ్మమ్మకి ఇంచుంపావు. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న పిల్ల "అక్కా, నాకూ" అని మొదలుపెట్టింది. రెండడుగులు వేస్తే ఆ మంచం. దాని తర్వాత ఇంకోటి. సిస్టరు తప్పించుకోబోతే వార్డంతా అల్లరి చేసి కూర్చోబెట్టారు. సిస్టరుకి రెండు పక్కలా సమానం, కానీ ఆ మాట ఎవరూ నమ్మక రెండుసార్లు కొలిపించారు. నడకలో పిల్ల గౌను వెనక రెక్కలు విడిపోయి, మధ్యనుంచి కట్టు కనపడింది, మెడ కిందనుంచి నడుము దాకా ఒకటే నిలువు గీత. అమ్మమ్మ లేచి మూయబోతే కత్తెరమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"ఇప్పుడు గుర్తు చెయ్యకమ్మా."

పెద్ద డాక్టరు వార్డులోకి వచ్చేసరికి వాళ్ళు తొమ్మిదో మంచం దగ్గరున్నారు. ఆయన ఒక్క క్షణం గుమ్మంలోనే నిలబడిపోయి, తర్వాత వచ్చి, కోటు విప్పి, పిల్ల చూపించిన కుర్చీలో వీపు తిప్పి కూర్చున్నాడు.

"ముప్పావు," అంది పిల్ల.

"అంతుందా? అయితే నాకూ స్క్రూలు వేయాలంటావా?"

"ముందు ఫొటో తీయించుకోండి. బటన్లు లేని చొక్కా వేసుకోండి."

వార్డు గొల్లుమంది. కత్తెరమ్మ కూడా నవ్వింది, తన మీదేనని తెలిసి మరీ. కింద గదిలో బట్ట పరిచి ఉంది, కొత్త గౌను ఈ పూటే కత్తిరించాలి, టేపు లేకుండా పని జరగదు. అడిగితే ఇచ్చేస్తుంది. కానీ పిల్ల అప్పటికే వార్డు గుమ్మం దాటి, వరండాలో నీళ్ళు పట్టుకుంటున్న ఎవరో పెద్దాయన్ని "మీరు కాస్త కూర్చుంటారా?" అని అడుగుతోంది. ఆయనకి ఎంతొస్తుందో చూద్దామని కత్తెరమ్మ నాలుగడుగుల వెనకగా ఆ పిల్ల వెంట నడిచింది.